ఒకే గిఫ్ట్, మూడు అర్థాలు

మా ఇంట్లో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి. ‘అవసరం’ అని నాన్నమ్మ తెలుగులో అంటే కావాలని. అమ్మ తమిళంలో అంటే తొందరని. యూరప్‌లోనూ ఇలాంటి మాట ఒకటుంది: గిఫ్ట్.

పలకడంలో తేడా ఉన్నా రాసేటప్పుడు అవే నాలుగు అక్షరాలు: జి, ఐ, ఎఫ్, టి. ఇంగ్లీషులో కానుక. జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో విషం అనీ, పెళ్ళయినవాళ్ళు అనీ కూడా!

మూలం ఒక్కటే, ‘ఇవ్వడం’. గ్రీకులో మందు మోతాదును ‘డోసిస్’ అంటారు. దానికీ ఇవ్వడమనే అర్థం. ఆ దారిలోనే జర్మన్‌లో గిఫ్ట్ ‘ఇచ్చే మందు’ అయి, చివరికి విషమైంది. స్వీడిష్‌లో పెళ్ళి అర్థం పిల్లనివ్వడం నుంచి వచ్చింది. మనమూ ‘పిల్లనిచ్చారు’ అంటాం కదా! జర్మన్‌లో పాత అర్థం ‘మిట్‌గిఫ్ట్’ అనే మాటలో మిగిలింది. అంటే అమ్మాయితో పాటు ఇచ్చేది, కట్నం.

మొన్న మా అక్క పెళ్ళిమాటల్లో అబ్బాయి తరఫువాళ్ళు, “కట్నం వద్దండీ, గిఫ్ట్‌గా ఒక కారు చాలు” అన్నారు. నాకు జర్మన్ అర్థమే గుర్తొచ్చింది. కట్నాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1961లోనే చట్టం చేశారు. పేరు మారిస్తే విషం కానుకైపోతుందా?