బ్లౌజ్‌కు వేసే పేపర్ టీ-షర్ట్‌కు వేస్తే..!

డిపార్ట్‌మెంట్ ఫెస్ట్ దగ్గర పడుతోందంటే క్లాస్ గ్రూపులో మొదలయ్యే మొదటి చర్చ టీ-షర్ట్ గురించే. ఏ రంగు, ఎంత ధర, లోగో ప్రింటా, ఎంబ్రాయిడరీనా? ఈ ఆర్డర్లు మనమే తీసుకుంటే నాలుగు డబ్బులు మిగుల్తాయి కదా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. నాకూ వచ్చింది. బీటెక్ పూర్తయి, ఆఫర్ లెటర్ చేతికొచ్చి, జాయినింగ్ డేట్ మాత్రం ఎంతకీ రాని రోజులవి.

మా పిన్నికి తెనాలిలో బ్లౌజుల షాపు ఉంది. ఒక సింగిల్ హెడ్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్ కూడా ఉంది. మా జూనియర్లకు 60 పోలో టీ-షర్టులు కావాలన్నారు. డిజైన్ ఫైల్ నాది, మెషీన్ పిన్నిది. అడ్వాన్స్ డబ్బుతో తిరుప్పూర్ నుంచి షర్టులు తెప్పించి, రెండు రోజుల్లో కుట్టేసి, ఇస్త్రీ చేసి ప్యాక్ చేసేశాం. ఫెస్ట్ రోజు ఫొటోల్లో లోగోలు మెరిసిపోయాయి.

వారం తర్వాత వాట్సాప్‌లో వేరే ఫొటోలు రావడం మొదలైంది. ఒక్క ఉతుకుకే లోగో చుట్టూ బట్ట ముడతలు పడింది. గుండ్రంగా ఉండాల్సిన గేర్ వీల్ కోడిగుడ్డులా తయారైంది. 60లో 41 వెనక్కి వచ్చాయి. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేశాం. ‘‘ఒరేయ్, ఇదే పేపర్‌తో ఎన్నేళ్ల నుంచో బ్లౌజులు కుడుతున్నా. ఎప్పుడూ ఇలా కాలేదురా!’’ అంది పిన్ని. నిజమే. సమస్యంతా అక్కడే ఉంది. అది బ్లౌజులకు వేసే పేపర్.

నేత వేరు, అల్లిక వేరు

ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు బట్ట కింద ఒక పొర వేస్తారు. దాన్ని స్టెబిలైజర్ అంటారు. షాపుల్లో బ్యాకింగ్ పేపర్ అనో, ఉత్తి పేపర్ అనో అడుగుతారు కానీ చాలా రకాలు నిజానికి కాగితం కాదు, నాన్ వోవెన్ బట్ట.

బ్లౌజ్ పీస్ నేసిన బట్ట. పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, లాగినా పెద్దగా సాగదు. టీ-షర్ట్ నిట్. (వరంగల్‌లో ఉన్న నిట్ కాదు, అల్లిన బట్ట!) స్వెటర్‌లో లాగే దారం లూపులు లూపులుగా అల్లుకుని ఉంటుంది. లాగితే లూపు విచ్చుకుంటుంది, వదిలితే మళ్లీ దగ్గరకొస్తుంది. అడ్డంగా అయితే ఇంకా ఎక్కువ సాగుతుంది.

ఇప్పుడు మెషీన్ ఏం చేస్తుందో చూడండి. పడే ప్రతి కుట్టూ బట్టను కొంచెం లోపలికి లాగుతుంది. ఛాతీ మీద మామూలు లోగోలో ఏడు వేల కుట్లుంటాయనుకుందాం. ఏడు వేల సార్లు లాగుతుంటే నేసిన బట్ట ఎదురు నిలుస్తుంది, అల్లిన బట్ట లొంగిపోతుంది. వృత్తం కోలగా మారేదీ, అవుట్‌లైన్‌కూ లోపలి ఫిల్లింగ్‌కూ మధ్య సందు కనిపించేదీ అందుకే. ఆ లాగుడును బట్టకు బదులుగా మోయాల్సింది కింద ఉన్న పొరే.

సెంట్రింగ్ తీసేయొచ్చా?

మేం వాడింది టియర్ అవే రకం. కుట్టడం అయ్యాక చేత్తో చింపేస్తే వచ్చేస్తుంది, వెనక శుభ్రంగా ఉంటుంది. ఇది స్లాబ్ వేసేటప్పుడు కట్టే సెంట్రింగ్ లాంటిది. స్లాబ్ గట్టిపడ్డాక తన బరువు తనే మోస్తుంది కాబట్టి సెంట్రింగ్ తీసేస్తారు. నేసిన బట్టకూ ఆ శక్తి ఉంది. అల్లిన బట్టకు లేదు. వేసుకున్నప్పుడల్లా, ఉతికినప్పుడల్లా అది సాగుతూనే ఉంటుంది. దానికి స్తంభం కావాలి, షర్ట్ చిరిగేదాకా ఉండే స్తంభం. అదే కట్ అవే. డిజైన్ చుట్టూ మిగిలింది కత్తిరిస్తారు తప్ప కుట్ల కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది.

టియర్ అవేతో ఇంకో తంటా ఉంది. సూది వేల సార్లు గుచ్చేసరికి అది పోస్టల్ స్టాంపు అంచులా చిల్లులు పడి, మెషీన్ ఇంకా నడుస్తుండగానే విడిపోవడం మొదలవుతుంది. అంటే డిజైన్ చివరి భాగం దాదాపు ఆధారం లేకుండానే పడుతుందన్నమాట. మా గేర్ వీల్‌లో ఆఖరున పడింది అవుట్‌లైనే!

మరి ఏది కొనాలి?

కట్ అవే అంటే ఒకటే రకం కాదు. పోలో షర్టులకు వాడే పికే బట్ట కాస్త మందం. దానికి చదరపు మీటరుకు 85 గ్రాముల దగ్గరలో ఉండే మీడియం కట్ అవే ఒక పొర చాలు. రోల్ మీద 2.5 ఔన్సులు అని ఉంటే అదే. పికే మీద చిన్న చిన్న గుంటలుంటాయి కదా, కుట్లు వాటిలోకి దిగిపోతాయి. అందుకని పైన నీళ్లలో కరిగే పల్చటి ఫిల్మ్ పరిచి కుడతారు. అది లేకపోతే అక్షరాల అంచులు ఎలుక కొరికినట్టు కనిపిస్తాయి. అయితే ఆ ఫిల్మ్ పైనే. కింద కూడా అదే వేస్తే ఉతికాక ఆధారం మొత్తం నీళ్లలో కలిసిపోతుంది.

రౌండ్ నెక్ టీ-షర్టుల సింగిల్ జెర్సీ పల్చగా ఉంటుంది. మందం కట్ అవే వేస్తే వెనక చతురస్రం అచ్చు ముందుకు కనిపిస్తుంది, తెల్ల షర్ట్ అయితే మరీను. దీనికి పాలీ మెష్ మేలు. 50 గ్రాముల దగ్గర ఉంటుంది, మెత్తగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకోదు. డిజైన్ కాస్త బరువైతే రెండు పొరలు, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి వేయండి. జిమ్ టీ-షర్టుల్లా లైక్రా కలిసి బాగా సాగే బట్టకు ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజిబుల్ మెష్ వాడితే కుట్టేంతసేపూ బట్ట కదలదు. పాలిస్టర్ కాబట్టి ఇస్త్రీ వేడి తక్కువే పెట్టాలి, ముందు ఒక మూల పరీక్షించాలి. నల్ల షర్టులకు నల్ల బ్యాకింగ్ దొరుకుతుంది, అడిగి తీసుకోండి.

సరైన పేపర్ కొన్నా పని చెడగొట్టే చోటు ఒకటుంది: ఫ్రేమ్. బ్లౌజ్ పీస్‌ను డప్పులా బిగించడం పిన్నికి అలవాటు. టీ-షర్ట్‌ను అలా బిగిస్తే సాగిన స్థితిలోనే కుట్లు పడతాయి. ఫ్రేమ్ విప్పగానే బట్ట వెనక్కి వస్తుంది, కుట్లు రావు, ముడత ఖాయం. అందుకే స్టెబిలైజర్‌ను మాత్రమే ఫ్రేమ్‌లో బిగించి, దాని మీద తాత్కాలిక అంటు స్ప్రే కొట్టి, షర్ట్‌ను లాగకుండా పరిచి అంటించడం నాకు తేలిగ్గా అనిపించింది. సూది బాల్ పాయింట్‌ది, 75/11 సైజు. మొన తేలిన మామూలు సూది లూపును తెంపితే అక్కడ చిల్లు పడుతుంది. మెషీన్ వేగం నిమిషానికి 650 కుట్ల దగ్గర ఉంచుతాం. కుట్టాక వెనక మిగులు కత్తిరించేటప్పుడు సెంటీమీటరు అంచు వదిలి, మూలలు గుండ్రంగా తిప్పాలి. తొందరపడితే కత్తెర షర్ట్‌కే తగులుతుంది. (తగిలింది కూడా!)

స్టెబిలైజర్ కూడా అన్నింటికీ మందు కాదు. కాటన్ ఉతికితే కుంచించుకుపోతుంది, పాలిస్టర్ దారం పోదు. ఆ తేడా వల్ల వచ్చే ముడతను ఏ పేపరూ ఆపలేదు. కాబట్టి ముందే కుదించిన బట్టేనా కాదా అని షర్టులు అమ్మేవాళ్లను అడగాలి. అనుమానంగా ఉంటే ఒక షర్ట్‌ను ముందే కొలిచి, ఉతికి, ఆరాక మళ్లీ కొలవండి.

మెషీన్ లేకపోయినా..

ఈ రంగంలో మెషీన్ నడిపేవాళ్లతో పాటు డిజిటైజర్లు కూడా ఉంటారు. బొమ్మను మెషీన్‌కు అర్థమయ్యే కుట్ల ఫైల్‌గా మార్చడం వాళ్ల పని. కుట్ల మధ్య దూరం, బట్ట లాగుడుకు తగ్గట్టు ఆకారాన్ని ముందే కాస్త వెడల్పు చేయడం, అడుగున వేసే అండర్‌లే.. ఇవన్నీ బట్టనూ స్టెబిలైజర్‌నూ చూసి నిర్ణయించాల్సినవే. విల్‌కామ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఖరీదు. నేర్చుకోవడానికి మాత్రం ఇంక్‌స్కేప్‌లో పనిచేసే ఇంక్ స్టిచ్ ఉచితం. మెషీన్లు ఎక్కువగా తీసుకునే డీఎస్‌టీ ఫైల్ దాంట్లోంచే వస్తుంది. ఐటీఐల్లో ఎంబ్రాయిడరీకి సర్ఫేస్ ఆర్నమెంటేషన్ టెక్నిక్స్ పేరుతో ఏడాది ట్రేడ్ కూడా ఉంది. అయితే స్క్రీన్ మీద అందంగా కనిపించిన ఫైల్ షర్ట్ మీద ఎలా పడుతుందో తెలియాలంటే దగ్గర్లోని ఏదో ఒక షాపులో కొన్నాళ్లు కూర్చోవాల్సిందే.

తర్వాతి సెమిస్టర్‌లో ఇంకో బ్రాంచి వాళ్లు 35 షర్టులకు అడిగారు. ఈసారి అడ్వాన్స్ తీసుకోలేదు. ఒక్క శాంపిల్ కుట్టి, మూడుసార్లు ఉతికి, ఇస్త్రీ చేయకుండా అలాగే వాళ్ల చేతిలో పెట్టాం. లాగి చూశారు, తిప్పి చూశారు, ఆ సాయంత్రమే డబ్బు పంపారు. పిన్ని షాపు అలమరలో ఇప్పుడు రెండు రోల్స్ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద మార్కర్‌తో ‘జాకెట్లు’ అని, రెండోదాని మీద ‘సాగేవి’ అని రాసి పెట్టింది.