జవాబు కాదు, దారి చూపించు

మన ఇళ్ళల్లో పరీక్ష అనగానే మొదటి ప్రశ్న "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే. ఆ మార్కుకి ముందు పిల్లవాడి బుర్రలో ఏం జరిగిందో కాగితం చెప్పదు. కంప్యూటరు చెప్పగలదా? నేనుండే మెల్‌బోర్న్‌లో ఈ ప్రశ్న మీద చాలా పనే జరిగింది.

ఆస్ట్రేలియన్ కౌన్సిల్ ఫర్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్, క్లుప్తంగా ఏసర్, ఇక్కడిదే. 2012 పీసా పరీక్షను నడిపిన అంతర్జాతీయ బృందానికి నాయకత్వం దీనిదే. అందులో సమస్యా పరిష్కార విభాగం మొత్తం కంప్యూటరు మీదే జరిగింది. 44 దేశాలు, ప్రాంతాల నుంచి సుమారు 85,000 మంది 15 ఏళ్ళ పిల్లలు రాశారు.

ఒక ప్రశ్న చూడండి. కొత్త ఏసీ ఉంది, మూడు స్లైడర్లున్నాయి, మాన్యువల్ లేదు. ఏ స్లైడరు వేడిని మారుస్తుందో, ఏది తేమను మారుస్తుందో కదిపి చూసి కనుక్కోవాలి. మూడూ ఒకేసారి తిప్పితే ఏమీ తేలదు. ఒకసారికి ఒకటే కదపాలి. బగ్గులు వెతికే మనకి ఇది రోజూ ఉండే పనే! ప్రతి క్లిక్కూ లాగ్‌లో పడుతుంది కనుక జవాబుతోపాటు దారి కూడా తెలుస్తుంది. సింగపూర్‌కి 562, కొరియాకి 561, ఆస్ట్రేలియాకి 523 పాయింట్లు వచ్చాయి. ఓఈసీడీ సగటు 500.

2009లో సిస్కో, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తోడ్పాటుతో మొదలైన ప్రాజెక్టును మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ పాట్రిక్ గ్రిఫిన్ నడిపించారు. అందులో ఇద్దరు పిల్లలు కలిసి పనిచెయ్యాలి. ఒకరి దగ్గర మూడు లీటర్ల జాడీ, ఇంకొకరి దగ్గర అయిదు లీటర్లది. నాలుగు లీటర్ల ఆలివ్ నూనె కొలవాలి. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి కనపడదు, చాట్‌లో చెప్పుకోవాల్సిందే.

బాగానే ఉంది కానీ, లాగ్‌కి క్లిక్కులే తెలుసు, కారణాలు తెలియవు. ఇరవై సెకన్లు ఆగి ఆలోచించిన పిల్లా, కిటికీలోంచి బయటికి చూసిన పిల్లా దానికి ఒకటే. "తొందరపడకు, ఆలోచించి చెయ్యి" అని పెంచిన మన పిల్లల మౌనాన్ని ఎలా లెక్కకట్టాలి? పైగా ఆ స్లైడర్ల కిటుకుని కోచింగ్ సెంటరు ఒక గంటలో నేర్పెయ్యగలదు. అప్పుడు కొలుస్తున్నది తెలివినా, కోచింగునా?

అందుకే నాకు ఈ పరీక్షల స్కోర్ల కంటే వాటి ప్రశ్నలు ఎక్కువ నచ్చాయి. ఈసారి మీ అమ్మాయి లెక్క దగ్గర ఆగిపోతే జవాబు అడక్కండి. "ఇప్పటిదాకా ఏం కదిపి చూశావు?" అని అడగండి. దానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు.