రాతిలోని నత్తకు నామకరణము

బొంబాయిలో ఫాక్‌లాండ్ రోడ్డు, కామాఠీపుర ప్రాంతములందు తెలుగువారి చాళ్ళు వెలసిన నాటినుండియు మనవారికి నల్లరాతితో పరిచయము కలదు. తాపీపనిలో, రాతిపనిలో కామాఠీల చేతులెరిగిన రాయి అది. భూగర్భమునుండి పొంగిన ద్రవశిల చల్లారి గట్టిపడగా ఏర్పడినది. దక్కను పీఠభూమిని కప్పిన ఈ జాతి రాతికి తూర్పుకొసన, రాజమహేంద్రవరము చెంత గోదావరికి ఇరుగడల కాతేరు, పంగిడి గ్రామములకడ చిన్న ఖండమొకటి కలదు. పడమటి కనుమలనుండి సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన ద్రవశిలయే అచట నిలిచినదని 2008లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి.

అచటి నల్లరాతి పొరల నడుమను, క్రిందను సున్నపురాతి పొరలున్నవి. వానిలో సముద్రపు నత్తల గుల్లలు శిలాజములై నిలిచినవి. నాగపూరులో మతప్రచారకుడుగా నుండిన స్టీఫెన్ హిస్లాప్ ఈ ప్రాంతపు గుల్లలను పరిశీలించి, 1860లో లండను భూవిజ్ఞాన సంఘపు పత్రికలో వర్ణించెను. వానిలో నొకదానికి ఆయన పెట్టిన పేరు ట్యూరిటెల్లా ప్రీలాంగా. మొదటి పదమునకు చిన్న గోపురమనియు, రెండవదానికి మిక్కిలి పొడవైనదనియు అర్థము. సన్నగా, పొడవుగా, మరమేకువలె చుట్లు తిరిగిన గుల్లకు తగిన పేరే.

ఈ పేర్ల పద్ధతి తెలుగువారికి కొత్తగా తోచదు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక వచ్చును. జీవశాస్త్రమునందును అంతియే: ప్రజాతి నామము ముందు, జాతి నామము తరువాత. జంతువుల పేర్లకు 1758లో వెలువడిన లినేయస్ గ్రంథము మొదలుగా లెక్కింతురు. ఒకే జీవికి ఇరువురు రెండు పేర్లు పెట్టినచో సాధారణముగా ముందు ప్రకటింపబడినదే చెల్లును. అందుచేతనే పేరు చివర వర్ణించినవాని పేరును, సంవత్సరమును చేర్తురు.

కొత్త జాతి యని చెప్పుట సులభము కాదు. గుల్ల ఏ ఊరిలో, ఏ పొరలో దొరికినదో మొదట వ్రాసికొనవలెను; ఆ వివరము లేని గుల్ల ఊరు పేరులేని సాక్షి వంటిది. పిమ్మట మట్టిని తొలగించి, ఎత్తును, వెడల్పును, కొనయొద్ద కోణమును కొలుతురు. చుట్ల సంఖ్యను, వానిపై గట్లను, చుట్టుకు చుట్టుకు నడిమి సంధిని, నోటి ఆకారమును గమనింతురు. అంతకుముందు వర్ణింపబడిన దగ్గరి జాతులన్నిటితో పోల్చి, భేదము వయస్సువలన గాని నలుగుటవలన గాని కలిగినది కాదని నిశ్చయింతురు.

ఇచట నొక ప్రమాదము కలదు. పలుమారు గుల్ల కరగిపోయి, లోపల నిండిన బురద మాత్రమే రాయియై మిగులును. అది గుల్ల లోపలి అచ్చు. వెలుపలి గట్లు దానిపై కానరావు. ఒకే నత్త గుల్లను, దాని అచ్చును వేరువేరు జాతులుగా భ్రమించుటకు అవకాశమున్నది. కావున ఒక్క ముక్కను నమ్మక అనేక నమూనాలను చూడవలెను. వానిలో నొకదానిని పేరుకు ఆధారముగా ఎన్నుకొని, పరులు చూడదగు సంగ్రహాలయమున భద్రపరతురు. 1999 తరువాత ప్రకటించు జాతులకు ఇట్టి ఆధారనమూనాను పేర్కొనుట నియమము.

ఇంత జాగ్రత్త ఎందుకన, ఈ నత్తల పేర్లపైననే రాళ్ళ వయస్సు ఆధారపడియుండెను. రెండుచోట్ల ఒకే జాతి నత్తలున్నచో ఆ పొరలు సమకాలికములని ఊహింతురు. పేరు తప్పినచో వయస్సును తప్పును. హిస్లాప్ ఈ పొరలను టెర్షియరీ యుగమునవిగా నెంచెను. 2008లో గెర్టా కెల్లరు మున్నగువారు కంటికానని సముద్రజీవుల గుల్లల సాయమున, నల్లరాతి పొరల నడిమి సున్నపురాయి ఆ యుగారంభమునదనియు, క్రింది నల్లరాయి ఇంచుమించు రాక్షసబల్లులు నశించిన కాలమున, అనగా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ముగిసినదనియు నిరూపించిరి. హిస్లాప్ అంచనా నడిమి పొరకు సరిపోయినది.

హిస్లాప్ 1863లో వాగు దాటుచు మరణించెను. తెలంగాణములో వికారాబాదు చెంత నస్కల్‌లో దొరికిన చిన్న క్షీరదపు శిలాజమునకు 1988లో దక్కనోలెస్టెస్ హిస్లాపి యని ఆయన పేరే పెట్టిరి. రాజమహేంద్రవరపు శిలాజములు దొరకు పొరలు క్వారీలలోనే బయటపడినవి. రాయి కొట్టిన సుత్తియే శాస్త్రమునకు ద్వారము తెరచినది. అదే సుత్తి దానిని మూయగలదు. పలుగు తగిలిన రాతిలో చుట్లు తిరిగిన గుల్ల కనబడినచో దానిని, అది దొరికిన పొర గుర్తును దాచియుంచిన పనివాడును ఈ శాస్త్రమునకు సహాయుడే యగును.