రంగు శరబత్‌కు ఉన్ని దారం పరీక్ష

కందులు అమ్మను తాండూరు యార్డుకు పోయినా, సంతకని వికారాబాద్ పోయినా ఎండకు గొంతెండితే ముందు కనబడేది శరబత్ బండే. రంగు ఎంత ముదురైతే పిల్లలు అంత మారాం చేస్తారు. ఆ రంగు పండుదా, పొడి డబ్బాదా? ఇంట్లోనే పావుగంటలో తెలుసుకోవచ్చు.

జానెడు తెల్ల ఉన్ని దారం తీసుకోండి. స్వెటర్ ఉన్ని పేరిట అమ్మే నూలంతా ఉన్ని కాదు. కొస కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే అసలు ఉన్ని. కరిగి ముద్ద కడితే పనికిరాదు. దారాన్ని సబ్బుతో ఉతికి జిడ్డు పోగొట్టండి. అర గ్లాసు శరబత్‌లో చెంచా నిమ్మరసం కలిపి, దారం వేసి, సన్నని సెగపై 10 నిమిషాలు మరిగించండి. తీసి చన్నీళ్లలో బాగా జాడించండి. రంగు వదలకపోతే కృత్రిమ రంగు ఉందనే అనుకోవాలి. పసుపు కూడా ఉన్నికి అంటుతుంది కాబట్టి, దారం పచ్చగా మారితే సున్నపు తేట చుక్క వేయండి. పసుపైతే ఎర్రబారుతుంది.

ద్రాక్ష, నేరేడు రసమని అమ్మితే కొద్దిగా తీసుకొని చెంచా వంటసోడా కలపండి. అసలు పండు రంగు నీలంగానో ఆకుపచ్చగానో తిరుగుతుంది. డబ్బా ఎరుపు పెద్దగా మారదు. పరీక్ష చేసింది తాగొద్దు, పారబోయండి.

దారానికి రంగు పట్టినంత మాత్రాన బండివాడిది తప్పని అనలేం. చట్టం 8 కృత్రిమ రంగులకు అనుమతి ఇచ్చింది. తాగే పానీయంలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. మెటానిల్ ఎల్లో, రోడమిన్ బి వంటి బట్టల రంగులు మాత్రం పూర్తిగా నిషిద్ధం. ఏ రంగు, ఎంత కలిపారన్నది ప్రయోగశాలే తేల్చాలి.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 60 కిలోల మనిషి, 15 కిలోల పిల్లవాడు ఒకే గ్లాసు తాగితే, కిలో బరువుకు పిల్లవాడికి నాలుగింతల రంగు చేరుతుంది. కొందరు పిల్లల్లో కొన్ని రంగులు రోజువారీ పరిమితి దాటుతున్నట్టు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2004లోనే ప్రచురించారు.

అనుమానం గట్టిగా ఉంటే 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ మీకు తోడుంది. కొనేటప్పుడే పరీక్షకు పంపుతున్నామని అమ్మినవారికి చెప్పి, రుసుము కట్టి నమూనా పరీక్ష చేయించవచ్చు. తప్పు తేలితే రుసుము వాపసు ఇస్తారు. దారిలో మీ జిల్లా ఆహార భద్రత అధికారిని అడగండి.

అప్పటిదాకా యార్డుకు పోయే రోజు సీసాలో ఇంటి మజ్జిగ పోసుకొని పొండి. దానికి ఏ పరీక్షా అక్కర్లేదు.