సూక్ష్మ స్ఫటికాల్లో లేజర్ కాంతి

పై శక్తిస్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్ తనంతట తాను కిందికి దిగితే వెలువడే ఫోటాన్ ఏ దిక్కుకైనా పోతుంది. సరిపడే శక్తి గల మరో ఫోటాన్ ప్రభావంతో దిగితే మాత్రం, వచ్చిన ఫోటాన్‌కు తోడు అచ్చం అలాంటిదే ఇంకొకటి అదే దిశలో బయలుదేరుతుంది. ఇదే ఉత్తేజిత ఉద్గారం. ఐన్‌స్టీన్ 1916-17లో ప్రతిపాదించిన ఈ ప్రక్రియే లేజర్లకు మూలం.

కాడ్మియం సెలెనైడ్ వంటి అర్ధవాహకాన్ని కొద్ది నానోమీటర్ల స్ఫటికాలుగా చేస్తే ఎలక్ట్రాన్‌కు చోటు ఇరుకై, శక్తిస్థాయిలు మెట్లలా విడివడతాయి. అందుకే పదార్థం ఒకటే అయినా చిన్న స్ఫటికాలు నీలం వైపు, పెద్దవి ఎరుపు వైపు వెలుగుతాయి. ఈ పరిమాణ ప్రభావాన్ని 1980ల ఆరంభంలో అలెక్సీ ఎకిమోవ్ సోవియట్ యూనియన్‌లో రంగు గాజులోనూ, లూయీ బ్రస్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ద్రావణంలోనూ గమనించారు. 1993లో మౌంగి బావెండి బృందం ఇంచుమించు ఒకే పరిమాణంలో ఈ స్ఫటికాలను తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. ఈ ముగ్గురికీ 2023లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

వెలగడం వేరు, కాంతిని పెంచడం వేరు. ఈ స్ఫటికంలో కాంతినిచ్చే స్థాయిలో రెండు ఎలక్ట్రాన్లకు చోటుంటుంది. ఒక్కటే పైకెక్కితే అది ఇచ్చే కాంతిని కింద మిగిలిన రెండోది పీల్చుకోగలదు. లాభం, నష్టం సరిసమానమవుతాయి. కాంతి పెరగాలంటే కొన్ని స్ఫటికాల్లోనైనా రెండూ పైకెక్కాలి.

చిక్కంతా అక్కడే. రెండు ఎలక్ట్రాన్లు పైన ఉన్నప్పుడు, ఒకటి కిందికి దిగుతూ తన శక్తిని కాంతిగా విడవకుండా పక్కదానికి అప్పగించేస్తుంది. ఆజే ప్రక్రియ అనే ఈ నష్టం పదుల నుంచి వందల పికోసెకన్లలో జరిగిపోతుంది. సహజంగా కాంతి వెలువడడానికేమో పదుల నానోసెకన్లు పడుతుంది. ఆజే ప్రక్రియ కన్నా ముందే ఉత్తేజిత ఉద్గారం పూర్తికావాలి.

2000లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో విక్టర్ క్లిమోవ్ బృందం, బావెండి బృందంతో కలిసి దీన్ని సాధించింది. స్ఫటికాలను పల్చని పొరగా దట్టంగా పేర్చి, అతి స్వల్ప లేజర్ స్పందనలతో ఉత్తేజపరిచారు. దట్టంగా ఉండడం వల్ల కాంతి వేగంగా పెరిగింది. ఉత్తేజక కాంతి తీవ్రత ఒక హద్దు దాటగానే, వెడల్పుగా ఉన్న వర్ణపట శిఖరం మీద సన్నని, పదునైన శిఖరం లేచింది. ఉత్తేజిత ఉద్గారానికి అదే ఆనవాలు.

తర్వాత స్ఫటికం చుట్టూ క్రమంగా కూర్పు మారే తొడుగు వేసి ఆజే నష్టాన్ని నెమ్మదింపజేశారు. 2023లో అదే ప్రయోగశాల విద్యుత్తుతోనే ఇలా కాంతిని పెంచి చూపింది. ద్రావణం నుంచి పొరగా పూయగల, పరిమాణంతో రంగు ఎంచుకోగల లేజర్ డయోడ్లే ఈ పరిశోధనల లక్ష్యం.