మొదటి ఫుల్ మారథాన్: 42 కిలోమీటర్లు ఒక్కరే పరిగెత్తలేరా?

ఈ ఎపిసోడ్‌లో ఫుల్ మారథాన్ గురించి మాట్లాడుకుందాం. షూస్ ఏవి కొనాలి, వాచ్ ఏది మంచిది అనే వీడియోలు చాలా ఉన్నాయి, అవి మళ్ళీ చెప్పను. నేను చెప్పాలనుకున్నది ఒకటే. మొదటిసారి 42 కిలోమీటర్లు పరిగెత్తేటప్పుడు పక్కన పరిగెత్తేవాళ్ళు నిజంగా ఏం పని చేస్తారు? "మోటివేషన్ ఇస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం గానీ, దాని వెనక మన ఒంటికి సంబంధించిన లెక్క ఉంది. ఆ లెక్క చూద్దాం.

కొత్తగా చూసేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాను, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాను. 26 ఏళ్ళప్పుడు కంపెనీ హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కి ముందు మెట్టు అంటారు. మా నాన్నకి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. అందుకే ఆ రిపోర్ట్ చూసి అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను రోడ్డెక్కింది అందుకు, మెడల్ కోసం కాదు.

ఈ 42.195 ఎక్కడిది?

గ్రీకు సైనికుడి కథ మీకు తెలిసిందే. కానీ దూరం మాత్రం గ్రీసు నుంచి రాలేదు. 1896లో మొదటి ఒలింపిక్స్ మారథాన్ దాదాపు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. అది 42.195 అయింది. 1921లో అదే ఖాయం చేశారు. అంటే మనిషి ఒళ్ళు ఇంతవరకు ఓర్చుకుంటుంది అని ఎవరూ లెక్కేసి పెట్టిన దూరం కాదిది. ఒంటి లెక్క అంతకు చాలా ముందే అయిపోతుంది.

30 దాటాక ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. మామూలు మనిషిలో ఆ నిల్వ సుమారు 400 నుంచి 500 గ్రాములు. శక్తిలో చెప్పాలంటే దాదాపు 2000 క్యాలరీల లోపు. ఇక ఖర్చు చూడండి. ఒక కిలోమీటర్ పరిగెత్తితే కిలో బరువుకి సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. నా బరువు అప్పుడు 74 కిలోలు. 74ని 42తో గుణిస్తే మూడు వేలు దాటుతుంది. జేబులో రెండు వేలు, బిల్లు మూడు వేలు!

మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వు మనందరి దగ్గరా దండిగానే ఉంది, కానీ అది మెల్లగా కరిగే సరుకు. ఎంత వేగంగా పరిగెత్తితే ఒళ్ళు అంత ఎక్కువగా గ్లైకోజెన్‌నే వాడుకుంటుంది. మొదటి 10 కిలోమీటర్లు హుషారుగా లాగితే నిల్వ త్వరగా ఖాళీ అవుతుంది. 30, 32 దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు బరువెక్కుతాయి, బుర్ర మొద్దుబారుతుంది. రన్నర్లు దీన్నే "గోడ" అంటారు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. మెదడు నడిచేది కూడా ప్రధానంగా గ్లూకోజ్ మీదే. అంటే సరైన నిర్ణయం తీసుకోవాల్సిన టైంలోనే మన బుర్ర బలహీనంగా ఉంటుంది. పక్క మనిషి అవసరం అక్కడ మొదలవుతుంది. తోటి రన్నర్లు చేసే నాలుగు పనులు చెప్తాను.

పని ఒకటి: వెనక్కి పట్టుకోవడం

పెద్ద మారథాన్లలో పేసర్లు ఉంటారు. టైం రాసిన జెండా పట్టుకుని ఒకే వేగంతో పరిగెత్తుతారు. వాళ్ళ వెనక గుంపుగా వెళ్ళేవాళ్ళని "బస్సు" అంటారు. అయిదున్నర గంటల బస్సు అంటే కిలోమీటర్‌కి సుమారు 7 నిమిషాల 49 సెకన్లు. బస్సు ఉన్నది లాక్కెళ్ళడానికి అనుకుంటాం. మొదటి సగంలో దాని పని సరిగ్గా రివర్స్, మనల్ని ఆపడం.

నేను పరిగెత్తింది 2024 ఆగస్టు 25న, హైదరాబాద్ మారథాన్. నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజాలో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. చీకట్లో హుస్సేన్‌సాగర్ గాలి, మైకులు, వేలమంది జనం. ఆ ఊపులో అందరూ దూసుకుపోతుంటే మన కాళ్ళు ఆగుతాయా? మా పేసర్ వెనక్కి తిరక్కుండానే ఒకటే మాట అంటూ వచ్చాడు, "ఇప్పుడు మీకు మెల్లగా అనిపించాలి. అనిపించకపోతే స్పీడ్ ఎక్కువైనట్టే." పైగా హైదరాబాద్ రూటు చదును కాదు. ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, జూబ్లీహిల్స్ ఎత్తులు దాటాలి. బస్సు ఎక్కేటప్పుడు వేగం తగ్గించి, దిగేటప్పుడు కొంచెం రాబట్టుకుంటుంది. మొదటిసారి పరిగెత్తేవాడికి ఆ లెక్క సొంతంగా రాదు.

ఇది మనలాంటి కొత్తవాళ్ళకే కాదు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో ఎలియుడ్ కిప్చోగె 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేశాడు. ఆయన చుట్టూ విడతలవారీగా 41 మంది పేసర్లు పరిగెత్తారు. ఏర్పాట్లు ప్రత్యేకం కాబట్టి అది అధికారిక రికార్డు కాదు. వాళ్ళు గాలికి అడ్డుగా ఉండి ఆయన శ్రమ తగ్గించారు. మన వేగంలో గాలి పెద్ద లెక్క కాదు. మనకి మిగిలేది ఆలోచన భారం. ఎంత వేగం, ఎంత మిగిలింది అనే లెక్క ఇంకొకరు మోస్తుంటే మన పని అడుగు వేయడమే.

పని రెండు: మన బదులు గుర్తుపెట్టుకోవడం

గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తూ ఉండాలి. ఒక మామూలు అరటిపండులో 25 గ్రాముల వరకు ఉంటుంది. జెల్‌లు ఖరీదు అనుకుంటే ఖర్జూరం, పల్లీపట్టి పనికొస్తాయి, కానీ ప్రాక్టీసులో తిని చూసినవే తినాలి. చిక్కేంటంటే ఆకలి వేసే సరికే లేట్ అవుతుంది. మా గుంపులో బ్యాంకులో పనిచేసే ఒక అక్క ఉంది. ప్రతి 40 నిమిషాలకి "తినే టైం" అని అరిచేది. ఆకలి లేకపోయినా అందరం నమిలేవాళ్ళం.

నీళ్ళ సంగతీ అంతే. తక్కువ తాగితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ తాగినా ప్రమాదమే. కనపడ్డ ప్రతి స్టాల్ దగ్గరా వట్టి నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. దాహాన్ని బట్టి తాగండి, మధ్యలో ఓఆర్ఎస్ లాంటిది తీసుకోండి. పక్కవాళ్ళు తికమకగా మాట్లాడుతున్నా, వాంతి అవుతున్నా మెడికల్ వాళ్ళని పిలవండి. అది వాళ్ళకి తెలియకపోవచ్చు, మీకు కనిపిస్తుంది.

పని మూడు: దూరాన్ని ముక్కలు చేయడం

34వ కిలోమీటర్ బోర్డు దాటాక ఒక ఎత్తు మొదలైంది. అప్పటికి నాలుగు గంటల 26 నిమిషాలు, సరిగ్గా బస్సు టైం. అక్కడే నా కుడి పిక్క పట్టేసింది. బస్సు వెళ్ళిపోయింది. వెళ్ళిపోవాలి కూడా, ఆ జెండాని నమ్ముకుని ఇంకో పాతికమంది ఉన్నారు.

ఒకాయన మాత్రం ఆగాడు. మాతో పాటు నాలుగు నెలలు ప్రాక్టీస్ చేసిన అన్న. వయసు 49. యాభై నిండేలోపు అయిదున్నర గంటల్లోపు పూర్తిచేయాలని ఏడాది నుంచి అనుకుంటున్నాడు. అంతకు ముందు సారి నాలుగు నిమిషాల్లో పోయింది. ఈసారి ఊపిరి ఉంది, కాళ్ళున్నాయి, టైం ఉంది.

"అన్నా, మీరు వెళ్ళండి. నేను మెల్లగా వస్తా."

"వెళ్తాలే గానీ, ముందు ఆ కరెంటు స్తంభం దాకా నడుద్దాం రా."

స్తంభం వచ్చింది. "ఇప్పుడు ఆ బస్టాప్ దాకా మెల్లగా జాగింగ్." బస్టాప్ వచ్చింది. మళ్ళీ స్తంభం. ఎనిమిది కిలోమీటర్లు ఇట్లాగే. నడక, పరుగు కలిపి చేయడం కొత్తేం కాదు. అమెరికా కోచ్ జెఫ్ గాల్లోవే ఏళ్ళ తరబడి నేర్పింది ఇదే, రన్ వాక్ రన్. కానీ ఆయన దీన్ని మొదటి నుంచే చేయమన్నాడు. మొత్తం అయిపోయాక చేయాలంటే మాత్రం స్తంభాలు లెక్కపెట్టే మనిషి పక్కన ఉండాలి. ఎనిమిది కిలోమీటర్లు అంటే ఆ స్థితిలో బుర్ర ఒప్పుకోదు. వంద మీటర్లకి ఒప్పుకుంటుంది.

5 గంటల 41 నిమిషాలకి ఇద్దరం స్టేడియంలోకి వచ్చాం. ఆయన అనుకున్న టైం 11 నిమిషాల్లో పోయింది. తర్వాత ఎప్పుడు అడిగినా మాట మార్చేస్తాడు. నాకు మాత్రం ఆ 11 నిమిషాలు అప్పు లాగే ఉన్నాయి. "తోటి రన్నర్ల సపోర్ట్" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఒక్కోసారి అది ఒకరి ఏడాది కష్టం. తీసుకునేటప్పుడు ఆ విలువ తెలిసుండాలి.

మన వైపు వాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. ఖమ్మం నుంచి భద్రాచలం నూరు కిలోమీటర్ల పైమాటే. శ్రీరామనవమికి కాలినడకన వెళ్ళేవాళ్ళు ఒంటరిగా బయల్దేరరు, గుంపుగా వెళ్తారు. ఒకరి కాలు బొబ్బలెక్కితే గుంపు నడక నిదానిస్తుంది. పేసర్, బస్సు అనే పేర్లు కొత్తవి గానీ పద్ధతి మనకి తెలిసిందే.

పని నాలుగు: ఆగిపొమ్మని చెప్పడం

ఇది చాలామంది చెప్పరు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది కనపడ్డా పరుగు అక్కడితో అయిపోయినట్టే. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనకూడదు. పిక్క పట్టడం వేరు, ఇవి వేరు. అన్న నాతో నడిచేటప్పుడు ప్రతి కిలోమీటర్‌కి నన్నొక పిచ్చి ప్రశ్న అడిగాడు, మీ ఊరి పిన్‌కోడ్ ఎంత, బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ ఎన్ని అని. జోకులనుకున్నా. తర్వాత అర్థమైంది, నా బుర్ర పనిచేస్తుందో లేదో చూసుకుంటున్నాడు. పెయిన్‌కిల్లర్ వేసుకుని పరిగెత్తుతామంటే కూడా వద్దనేవాళ్ళు కావాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి.

గుంపు ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్‌లో ఉంటే ఇబ్బంది లేదు. హైదరాబాద్ రన్నర్స్ 2007 నుంచి ఉంది. ఆదివారం తెల్లవారుజామున కేబీఆర్ పార్క్ వైపో, నెక్లెస్ రోడ్ వైపో వెళ్తే రన్నర్లు కనపడతారు. మరి మనలాంటి ఊళ్ళో? నేను ఊరికి వచ్చాక తెల్లారి వరంగల్ రోడ్డు మీద పరిగెత్తితే లారీలు, కుక్కలు, "ఎవరైనా తరుముతున్నారా బాబూ" అని అడిగే పెద్దాయన. చీకట్లో హైవే మీద ఒంటరిగా పరిగెత్తొద్దు. ఖమ్మం దగ్గరైతే లకారం ట్యాంక్‌బండ్ ఉంది, సర్దార్ పటేల్ స్టేడియం ఉంది. కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పొద్దున్నే ప్రాక్టీస్ చేసే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళ వేగం మనకి రాదు, కానీ వార్మప్‌కి, తోడుకి వాళ్ళే గుంపు. ముగ్గురుంటే చాలు. ఒకరు బద్ధకించినా ఇద్దరు మిగులుతారు.

ప్లాన్ సింపుల్‌గా చెప్తాను. ముందు 10కే, తర్వాత హాఫ్, ఆ తర్వాతే ఫుల్. హాఫ్ తేలిగ్గా చేయగలిగాక ఫుల్‌కి 16 నుంచి 18 వారాలు పెట్టుకోండి. వారంలో ఒక లాంగ్ రన్, అది మెల్లమెల్లగా 30, 32 వరకు. ఆ లాంగ్ రన్ మాత్రం గుంపుతోనే చేయండి. మాటలాడుకుంటూ పరిగెత్తగలిగితే అదే సరైన వేగం. 35 దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉన్నవాళ్ళు మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని కలవండి.

చివరగా నా హెచ్‌బీఏ1సీ. ఇప్పుడు 5.6. పరుగు ఒక్కటే కారణం అనను, రాత్రి అన్నం తగ్గించాను, నిద్ర కూడా సరిచేసుకున్నాను. అమ్మ మాత్రం ఆ అన్నని ఒకసారి భోజనానికి తీసుకురమ్మని పోరుపెడుతోంది.

వచ్చే హైదరాబాద్ మారథాన్‌కి నేను మళ్ళీ పేరు ఇస్తున్నాను. నా టైం కోసం కాదు. అన్నకి ఈసారి 51 నడుస్తుంటుంది, అయిదున్నర గంటల లెక్క ఇంకా బాకీ ఉంది. 34 దాటాక స్తంభాలు లెక్కపెట్టే పని నాది. మీరు కూడా ఎవరికో ఒకరికి ఆ పని చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో లాంగ్ రన్ రోజు ఏం తినాలి, ఎప్పుడు తినాలి అనేది మాట్లాడుకుందాం. ఉంటాను.