సిమెంటు లేని తుంటి కీలు
నొప్పి లేకపోయినా ఎక్స్‌రే మానరాదు

తుంటి కీలు మార్పిడి ముసలివారి సంగతి అనుకుంటారు. కాని పొలం పనులు చేసుకునే ముప్పయ్యేళ్ల వారికీ ఆ అవసరం వస్తోంది. తొడ ఎముక తలకు నెత్తురు అందకపోతే అది చచ్చుబడి అణిగిపోతుంది. తాగుడు, ఇష్టానుసారం వాడిన స్టెరాయిడ్ మందులు, చెట్టు మీద నుంచి పడి తుంటి విరగడం, మన్యంలో కనిపించే సికిల్‌సెల్ జబ్బు దీనికి ముఖ్య కారణాలు. బస్తాలు మోయవలసిన వయసులో కర్ర పట్టుకుని నడవాలి.

1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో డాక్టర్ జాన్ చార్న్‌లీ లోహపు బంతిని, ప్లాస్టిక్ గిన్నెను సిమెంటుతో ఎముకకు బిగించారు. ఇది మేడలు కట్టే సిమెంటు కాదు. కట్టుడు పళ్లకు వాడే పదార్థం వంటిది. వృద్ధులకు బాగా కుదిరింది. కష్టించి పనిచేసే పడుచువారిలో మాత్రం త్వరగా వదులయ్యేది. అందుకే వయసు వచ్చేదాకా ఓర్చుకోమని డాక్టర్లు చెప్పేవారు.

ఆ చిక్కుకు విరుగుడుగా వచ్చిందే సిమెంటు లేని కీలు. తొడ ఎముకలోకి దింపే కాడకు గరుకు పూత ఉంటుంది. ఆ గరుకు సందుల్లోకి రోగి ఎముకే పెరిగి, గోడలో రావి వేరు పాతుకున్నట్లు పట్టేస్తుంది. 1980ల మధ్య నుంచి ఎముకలో ఉండే ఖనిజం వంటి దాన్నే పూతగా పూస్తున్నారు.

మరి ఎన్నేళ్లు నిలుస్తుంది? పడుచువారిపై జరిగిన పలు పరిశీలనల్లో, మంచి రకం కాడలు ఇరవై ఏళ్లు దాటినా నూటికి తొంభైకి పైగా కదలలేదు. తంటా అంతా గిన్నె లోపలి ప్లాస్టిక్ అస్తరుతోనే. బంతి రాపిడికి అది అరిగి, కంటికి కనిపించని పొడి రాలేది. ఆ పొడిని వదిలించుకోబోయి శరీరం చుట్టూ ఉన్న ఎముకనే తినేసేది. 1990ల చివర నుంచి రేడియేషన్‌తో గట్టిపరచిన ప్లాస్టిక్ వాడకంలోకి వచ్చాక అరుగుదల బాగా తగ్గింది. పింగాణీ బంతులూ వచ్చాయి. అన్ని వయసులవారినీ, అన్ని రకాల కీళ్లనూ కలిపి 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన లెక్క ప్రకారం, నూటికి సుమారు 58 కీళ్లు పాతికేళ్లు నిలిచాయి. ముప్పయ్యేళ్లకు కీలు వేయించుకున్నవారికి పాతికేళ్లంటే యాభై అయిదే. రెండో ఆపరేషను తప్పకపోవచ్చు.

అది చిన్నదా, పెద్దదా అన్నది ముందుగా కనిపెట్టడం మీద ఉంటుంది. ఎముక కరగడం చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. మొదట్లో పట్టుకుంటే అస్తరు ఒక్కటి మార్చి సరిపెట్టవచ్చు. ఎముక గుల్లయ్యాక వస్తే వేరే ఎముక తెచ్చి నింపాలి, ఖర్చూ పెరుగుతుంది. బాగానే నడుస్తున్నాం కదా అని పదేళ్లు ఆసుపత్రి మొహం చూడనివారికే ఈ ప్రమాదం ఎక్కువ. డాక్టరు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకోవాలి. గజ్జలో గాని, తొడలో గాని కొత్తగా నొప్పి వస్తే గడువు దాకా ఆగరాదు.

గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు వేయడం కొందరికి కుదురుతుంది, కొందరికి కీలు జారే ప్రమాదం. ఆపరేషను చేసిన డాక్టరునే అడగాలి. వేసిన కీలు రకం, సైజు రాసిన కాగితాన్ని పట్టాదారు పుస్తకంతో పాటు పెట్టెలో దాచుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత చూసే డాక్టరు మొదట అడిగేది దాన్నే.